కీర్తన గొంతు

ఆళ్ళగడ్డ,
10 జూన్ 2024

ప్రేమకుమారికి మామ కొండయ్య దీవెనలు.

ఉత్తరం చూసి భయపడొద్దు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఫోను మీ అత్త దగ్గర ఉంటుంది. చెవిటివాడికి ఫోనెందుకు? ఎవరితో ఏ మాటున్నా ఆమే మాట్లాడి నాకు సైగలతో చెబుతుంది. ఇప్పుడు నేను నీతో చెప్పేది ఆమెకు తెలియకూడదు. అందుకే ఈ ఉత్తరం. జవాబు ఇంటికి వెయ్యొద్దు. నేను వాచ్‌మన్‌గా ఉన్న శిల్పాల షెడ్డు అడ్రసు కింద రాశాను, దానికి వెయ్యి. పోస్టుమ్యాన్ నా చేతికే ఇస్తాడు.

సంగతి ఇది. పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తూ మీ అత్త రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. వెనక ఆటోవాడు చెయ్యి ఊపుతూ తిడుతున్నాడు. నేను రెక్క పట్టి పక్కకు లాగాను. నా మొహంలో మొహం పెట్టి, నాకు అర్థమయ్యేటట్టు పెదవులు బాగా కదిలిస్తూ చెప్పింది.

"ఏమయ్యా, పాప గొంతు నాకు గుర్తుకు రావడంల్యా. పొద్దున్నించి తలుచుకుంటాండా. యట్ల మాట్లాడేదో రావడంల్యా."

మా కీర్తన పోయి మూడేండ్లు దాటింది. ఫోటోలు గోడ మీద ఉన్నాయి, చీరలు పెట్టెలో ఉన్నాయి. గొంతు యాడుంది? ఆ కరోనా రోజుల్లో ఆస్పత్రిలో పాప ఫోను పోయింది. బట్టల సంచి ఒక్కటే మన చేతికిచ్చారు. మాటలూ వీడియోలూ అన్నీ ఆ ఫోనుతోనే పోయాయి.

నా సంగతి వేరే. బేతంచెర్లలో బండలు కోసే మిషను పక్కన నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నాను. అప్పుడు పాప రెండో తరగతి. నాకు గుర్తున్నది ఆ రెండో తరగతి పిల్ల గొంతే. పెద్దదయ్యాక ఎట్లా మాట్లాడిందో నేను వినలేదు. నేను అది లేకుండా బతకడం నేర్చుకున్నాను. మీ అత్త నేర్చుకోలేదు.

తర్వాత నాకు తట్టింది. పాప ఎం.ఫిల్. కోసం బేతంచెర్ల పోయి, పాలిష్ బండల ఫ్యాక్టరీల్లో ఆడోళ్ళు పాడే పాటలు ఫోనులో పట్టింది కదా. అవన్నీ యూనివర్సిటీకి ఇచ్చేశానని అప్పట్లో కాగితం మీద రాసి చూపించింది. నువ్వు ఉద్యోగం చేసేది ఆ యూనివర్సిటీ లైబ్రరీలోనే. ఆ పాటల మధ్యన యాడో ఒకచోట పాప మాట ఉండకపోతుందా? ఒక్క మాట చాలు. మీ అత్త ఫోనులో వేసిస్తే, నేనే బటన్ నొక్కి ఆమె చెవి దగ్గర పెడతాను.

ముందుగా ఆమెకు చెప్పను. దొరక్కపోతే తట్టుకోలేదు.

మీ ఇంటాయనను, పిల్లోణ్ణి అడిగినానని చెప్పు.

మామ,
కొండయ్య


నంద్యాల,
19 జూన్ 2024

మామకు వందనాలు.

ఉత్తరం అందిన రోజే రాద్దామనుకున్నాను. కొత్త బ్యాచ్ వచ్చింది, లైబ్రరీ సంతలాగుంది. పుస్తకం కావాలని వచ్చేవాళ్ళు తక్కువ. "మేడమ్, పాస్‌వర్డ్ తీసుకోవడంల్యా." "మేడమ్, ఈ పీడీఎఫ్ తెరుచుకోవడంల్యా." "మేడమ్, ఈ బుక్కు మొత్తం స్కాన్ చేసి గ్రూపులో పెట్టండి." మొత్తం చేయకూడదు, ఒక చాప్టరు వరకు చేసిస్తానంటే, నా ఇంట్లో బియ్యం దాచుకున్నట్టు చూస్తారు. లెక్చరర్లూ అంతే. మధ్యాహ్నానికి నోరు పడిపోతుంది.

మామా, దొరికింది.

థీసిస్ పుస్తకం అల్మారాలోనే ఉంది. పాటల రికార్డింగులు సర్వర్లో ఉన్నాయి. భోజనం వేళ ఎవరూ లేనప్పుడు నా కంప్యూటర్లో తెరిచి, చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. మొదట మిషను చప్పుడే. నీకు బాగా తెలిసిన చప్పుడు. దాని వెనక ఒకామె పాడుతూ ఉంది.

నీళ్ళు పోసిన బండ నిగనిగలాడె
నా చేతి గీతలు నున్నగా మాసె

పాట ఆగింది. అప్పుడు కీర్తన. "పెద్దమ్మా, ఇంగొకసారి పాడు. మిషను ఆపినాక పాడు." అంతే. నేను ఇయర్‌ఫోన్ పీకేసి కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను.

ఇంకొకటి ఉంది. దానికి "అమ్మ" అని పేరు పెట్టింది. అందులో అత్త, తాను బేతంచెర్ల ఫ్యాక్టరీలో పనిచేసినప్పటి పాట పాడుతుంది. కీర్తన అడుగుతుంది, అత్త విసుక్కుంటుంది, ఇద్దరూ నవ్వుతారు. చాలాసేపుంది.

కానీ ఇప్పుడే పంపలేను మామా. పోయినేడాది మా దగ్గర ప్రదీప్ అని ఒకతను పిల్లలు చదివే పాఠ్యపుస్తకాలు మొత్తంగా స్కాన్ చేసి గ్రూపులో పెట్టాడు. పుస్తకం వేసినవాళ్ళు లాయరు నోటీసు పంపారు. ప్రదీప్‌ను తీసేశారు. అతనూ నాలాగే కాంట్రాక్టు మనిషి. అప్పటినుంచి సర్వర్లో "మూసినది" అని గుర్తు పెట్టిన ఏ ఫైలునైనా కాపీ చేయాలంటే కమిటీ అనుమతి ఉండాలి. కీర్తన రికార్డింగులన్నిటికీ ఆ గుర్తే ఉంది.

పక్కన ఫోను పెట్టి పట్టుకుంటే సరిపోయేది కదా అని నువ్వు అనుకుంటావు. నేనూ అనుకున్నాను. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. మూలన కెమెరా ఉంది. సెప్టెంబరులో నా కాంట్రాక్టు రెన్యూవల్. మా ఆయన మెడికల్ షాపు జీతం ఒక్కటే అయితే మా ఇల్లు నడవదని నీకు తెలుసు.

మా లైబ్రేరియన్ బాలసుబ్రహ్మణ్యం సార్ మంచివాడే. ఆయనకు అర్జీ పెడతాను. యాడికీ పోదు మామా, భద్రంగా ఉంది. కొంచెం ఓపిక పట్టు.

నీ మేనకోడలు,
ప్రేమకుమారి


ఆళ్ళగడ్డ,
27 జూన్ 2024

ప్రేమకు,

నీ ఉత్తరం షెడ్డులో రాళ్ళ మధ్య కూర్చుని చదివాను. నా చుట్టూ పదిమంది ఉలులతో కొడుతున్నారు, నాకు నిశ్శబ్దం. ఒకటికి రెండుసార్లు చదివాను. దొరికిందని చదివి సంతోషపడ్డాను. కింద చదివి సంతోషం పోయింది.

మూసినది అంటే ఏందమ్మా? మా పిల్ల ఏం తప్పు చేసిందని మూశారు? ప్రదీప్ అనే అతను పుస్తకాలు దొంగతనంగా ఎక్కించాడు, సరే. మా పిల్లది దొంగసొత్తా? ఎండలో బేతంచెర్ల బస్సులెక్కి దిగి, ఫ్యాక్టరీల గేట్ల దగ్గర నిలబడి తెచ్చుకుంది. ఇంటికొస్తే తల నిండా బండల దుమ్ము. మీ అత్త తలంటేది. వాటిని తీసుకొని మూసిపెట్టి, కన్నవాళ్ళను కమిటీని అడగమంటారా?

నీ మీద కోపం కాదు. నీ కష్టం నాకు తెలుసు. కానీ నువ్వు విన్నావు. నువ్వు వింటివి, కన్నతల్లి వినకూడదు. ఇది నాకు ఎట్లా తిప్పినా అర్థం కావడం లేదు.

ఒకటి అడుగుతాను, నవ్వొద్దు. పాప గొంతు ఎట్లా ఉంది? మా అమ్మ గొంతు లావుగా ఉండేది, మొగోడి లెక్క. పాపకూ అదే వచ్చిందని మీ అత్త అనేది. నేను పాప పెదవులు చూస్తూ ఏదో ఒక గొంతు పెట్టుకునేవాణ్ణి మనసులో. అది సరైనదో కాదో ఎవరిని అడగాలి?

ఇక్కడ వానలు పడ్డాయి. షెడ్డులో పని తగ్గింది. పెద్ద ఆర్డరు ఏదో వెనక్కి పోయిందట, ఓనరు మొహం బాగాలేదు.

మామ


నంద్యాల,
8 జూలై 2024

మామకు వందనాలు.

కీర్తన ఏ తప్పూ చేయలేదు. నేనే సరిగా చెప్పలేకపోయాను. బాలసుబ్రహ్మణ్యం సార్‌ను అడిగి తెలుసుకుని రాస్తున్నాను.

రాసిన మనిషికి రాసినదాని మీద హక్కుంటుంది. ఆ మనిషి పోయాక అరవై ఏండ్ల దాకా అది వారసులది. అంటే కీర్తన థీసిస్ మీదా, రికార్డింగుల మీదా ఇప్పుడు హక్కు నీదీ అత్తదీ. యూనివర్సిటీది కాదు. అయితే పాడినవాళ్ళకు కూడా తమ పాట మీద హక్కుంది. బేతంచెర్ల ఆడవాళ్ళు ఒప్పుకుంటూ సంతకాలు చేసిన కాగితాలు థీసిస్‌తో జత చేయలేదు. కరోనా భయంలో ఎవరూ కాగితాలు ముట్టుకోలేదు కదా. అందుకని మూశారు.

అన్నీ అడిగితే ఆ ఆడవాళ్ళందరినీ వెతకాలి. ఎవరు బతికున్నారో, ఎవరు ఏ ఊరు పోయారో. అందుకే సార్ ఒక దారి చెప్పాడు. "ఆ అమ్మ ఫైలు ఒక్కటే అడగమ్మా. పాడింది తల్లే, వారసులూ వాళ్ళే. దానికెవరూ అడ్డం చెప్పలేరు." దానికి రెండు కావాలి. తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఒకటి. పాడిన మనిషిగా అత్త సంతకంతో ఒప్పుదల కాగితం ఒకటి. ఒప్పుదల నేనే టైపు చేసి ఇందులో పెట్టాను. ఇంక అత్తకు చెప్పక తప్పదు మామా. జాగ్రత్తగా చెప్పు.

త్వరగా చేయిస్తే మంచిది. సర్వరు చూసే పాత కంపెనీకీ మా వాళ్ళకూ గొడవ నడుస్తాంది. కొత్త కంపెనీకి మారుస్తారట. మారిస్తే ఏమవుతుందని అడిగితే, అన్నీ అట్లే కొత్తదానిలోకి వస్తాయి అన్నారు.

గొంతు సంగతి అడిగావు. నవ్వలేదు మామా. అవ్వ గొంతంత లావు కాదు. కానీ సన్నం కూడా కాదు. కొంచెం బొంగురు. మాట మొదలుపెట్టే ముందు చిన్నగా ఊపిరి తీసుకుంటుంది, నవ్వబోయి ఆపుకున్నట్టు. "అమ్మా" అన్నప్పుడు చివర కొంచెం సాగదీస్తుంది. ఎంత రాసినా ఇంతే వస్తాంది. రాయడానికి వచ్చేది కాదు అది.

ప్రేమకుమారి


ఆళ్ళగడ్డ,
29 జూలై 2024

ప్రేమకు దీవెనలు.

కాగితాలు రిజిస్టరు పోస్టులో వేరేగా పంపాను. అందుతాయి.

తహశీల్దారు ఆఫీసుకు తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. పాప పేరు ఆధార్‌లో ఒక రకంగా, మరణ ధ్రువీకరణలో ఇంకో రకంగా ఉందన్నారు. ఒక దీర్ఘం తేడా. అఫిడవిట్ అన్నారు. అక్కడివాళ్ళు ఏం అడుగుతున్నారో నాకు వినబడదు, కాగితం మీద రాయమంటే విసుక్కుంటారు. మీ అత్తను వెంట తీసుకుపోవాల్సి వచ్చింది. దాంతో దారిలోనే చెప్పేశాను.

బస్టాండు దాకా నడిచింది. అక్కడ చెట్టు కింద అరుగు మీద కూర్చుని, నా చేతిలో ఒప్పుదల కాగితం తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇదేందీ? నా పాట నేను వినల్లంటే నేనే సంతకం పెట్టల్లనా?"

"అవును" అన్నాను.

నవ్వింది ప్రేమా. పాప పోయినాక నేను చూసిన మొదటి నవ్వు అది. ఇంటికొచ్చి పాత కాగితాల మీద నాలుగైదుసార్లు సంతకం పెట్టి చూసుకుని, అప్పుడు దీని మీద పెట్టింది. ఎస్తేరమ్మ అని. వేలిముద్ర మనిషికి ఆ సంతకం నేర్పింది పాపే.

ఇప్పుడు ఇల్లు వేరేగా ఉంది. పొద్దున్నే లేస్తుంది, తల దువ్వుకుంటుంది. ఆ రోజు పాప ఏం అడిగిందో, తానేం చెప్పిందో ఒక్కొక్కటి గుర్తు చేసుకుని నాకు సైగలతో చెబుతుంది. చర్చిలో అందరికీ చెప్పేసింది. పాస్టరు పౌలు ప్రార్థన చేయించాడు. ఆ పాట వచ్చిన ఆదివారం చర్చి స్పీకర్లో వేద్దామన్నాడు. మీ అత్త కొత్త చీరకు జాకెట్టు కుట్టడానికిచ్చింది.

ఇంకో మంచి పని జరిగింది. పాస్టరు చదువుకున్నవాడు కదా, ఊరికే కూర్చుంటే ఆఫీసుల్లో పని కాదని, మీ యూనివర్సిటీ వెబ్‌సైటులో ఫిర్యాదులు పెట్టే చోట మన సంగతంతా తన ఫోనులో రాసి పంపాడు. ఇంక పని తొందరగా అవుతుందన్నాడు.

దేవుడు నిన్ను దీవించుగాక.

మామ


నంద్యాల,
9 ఆగస్టు 2024

మామకు,

కాగితాలు అందాయి. ఆఫీసులో ఇచ్చాను, రసీదు తీసుకున్నాను.

పాస్టరు గారు పెట్టిన ఫిర్యాదు కూడా అందింది. నాకు కాదు, రిజిస్ట్రారుకు. అందులో ఏం రాశారో నాకు చూపించారు. "మీ లైబ్రరీ ఉద్యోగి ప్రేమకుమారి ఆ రికార్డింగులను తాను స్వయంగా విని కూడా తల్లిదండ్రులకు ఇవ్వడం లేదు" అని ఉంది. నా మంచికే రాశారని తెలుసు. కానీ మూసిన ఫైలును నేను ఎవరి అనుమతితో విన్నానని అడిగారు. మెమో ఇచ్చారు. నా లాగిన్ తీసేశారు. ఇప్పుడు కౌంటరులో పుస్తకాలకు ముద్రలు వేస్తున్నాను. పిల్లలు పాస్‌వర్డ్ అడిగితే వేరే మనిషిని చూపిస్తున్నాను.

బాలసుబ్రహ్మణ్యం సార్ నన్ను పక్కకు పిలిచి అన్నాడు. "నేనేం చేసేదమ్మా. ఇప్పుడు లా ఆఫీసరు చూడల్లంట. మాట జారకుండా ఉండు. మీవాళ్ళకు చెప్పు, ఇంగ ఎవరికీ ఏమీ రాయొద్దని."

అందుకే చెబుతున్నాను మామా. ఇంక ఎవరికీ ఏమీ రాయించవద్దు. ఆఫీసు అడ్రసుకు ఉత్తరాలు కూడా వద్దు. ఇక్కడ నా పేరున ఏ కవరు వచ్చినా ఇప్పుడు నలుగురు చూస్తున్నారు. కమిటీ ఈ నెలలో కూర్చుంటుంది. అంతవరకు ఊరుకుందాం.

అత్తకు మెమో సంగతి చెప్పొద్దు. జాకెట్టు సంగతి చదివి నాకు భయమేసింది. కొంచెం నిమ్మళంగా ఉండమను.

ప్రేమకుమారి


ఆళ్ళగడ్డ,
16 ఆగస్టు 2024

ప్రేమకుమారికి,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాసి మానేస్తాను. నీ ఇంటి అడ్రసు నా దగ్గర లేదు, ఆఫీసుకే వేస్తున్నాను. దీనివల్ల ఇంకో మాట పడితే క్షమించు.

పాస్టరు పౌలుకు నీ ఉత్తరం చూపించాను. పాపం, తల పట్టుకున్నాడు. "నేను మేలు చేద్దామనుకుంటినన్నా" అన్నాడు. మేలు చేసేవాళ్ళు మాకు అలవాటు లేదు, అందుకే జాగ్రత్త తెలియలేదు.

నీ అక్షరాల్లో మాకు భయపడే మనిషి కనబడింది. మా అక్క కూతురు మాకు భయపడే రోజు వస్తుందని అనుకోలేదు. నీకు ఇంత బరువని ముందే తెలిసుంటే అడిగేవాణ్ణి కాదు. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. నీకు ఇంక ఉత్తరం రాయను. నువ్వూ రాయనక్కర లేదు.

మీ అత్త మాత్రం అడుగుతూనే ఉంది. "ప్రేమ ఏమన్నా రాసెనా?" అని పొద్దున ఒకసారి, నేను షెడ్డు నుంచి వచ్చాక ఒకసారి. ఆమెకు నిమ్మళంగా ఉండమని చెప్పే సైగ నాకు తెలీదు.

కొండయ్య


నంద్యాల,
4 సెప్టెంబరు 2024

మామా,

నేను వద్దన్నది ఆఫీసు అడ్రసుకు. నాకు వద్దనలేదు. నా ఇంటి అడ్రసు రాద్దామనుకుని మర్చిపోయి కవరు అంటించాను. ఈసారి కింద రాశాను. మీకు భయపడలేదు మామా. ఉద్యోగానికి భయపడ్డాను. రెండూ ఒకటే అయినట్టున్నాయి ఇప్పుడు చూస్తే.

ఎట్లా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఆగస్టు మూడో వారంలో కమిటీ కూర్చుంది. అనుమతి ఇచ్చారు. ముద్ర వేసిన కాగితం నా దగ్గరుంది. "ఒక ప్రతి, కుటుంబ వినియోగానికి మాత్రమే" అని ఉంది. ఆ కాగితం, పెన్‌డ్రైవు తీసుకుని సార్ గదికి పోయాను. సార్ తన కంప్యూటర్లోనే తెరిచాడు. కీర్తన పేరు వచ్చింది. థీసిస్ వచ్చింది. కింద పాటల జాబితా వచ్చింది. "అమ్మ" అని రాసున్న చోట నొక్కాడు. ఏమీ రాలేదు. ఇంకోసారి నొక్కాడు. పక్కవి కూడా నొక్కాడు. పేర్లున్నాయి మామా, వాటి వెనక ఏమీ లేదు.

కొత్త కంపెనీకి ఫోను చేశాం. సందీప్ అని ఒకతను మాట్లాడాడు. మర్యాదగా, ఓపికగా రెండు రోజులు వెతికాడు. చివరకు చెప్పిందేమంటే, సర్వరు మార్చినప్పుడు తెరిచి ఉన్నవాటిని మాత్రమే తెచ్చారట. మూసి ఉన్నవి కదిలించాలంటే యూనివర్సిటీ వేరుగా రాసి ఇవ్వాలట. ఆ కాగితం ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వాలని ఎవరికీ తెలియదు. పాత కంపెనీని అడిగితే, జూలైతో ఒప్పందం అయిపోయింది, గడువు చూసి తుడిచేశామన్నారు.

సార్ ఫోనులో అరిచాడు. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. "పిల్ల చచ్చిపోయిందయ్యా, మళ్ళీ యాడినుంచి పట్టుకొస్తారు?" అన్నాడు. అవతల సందీప్ సారీ సార్, సారీ సార్ అంటూనే ఉన్నాడు. అతను మాత్రం ఏం చేస్తాడు.

బ్యాకప్ డిస్కు ఒకటి బీరువాలో ఉంది. పెడితే లోపల టక్ టక్ మంటుంది, తెరుచుకోదు. నంద్యాలలో రిపేరు చేసేవాళ్ళకు చూపించాం, హైదరాబాదుకు కూడా పంపించాడు సార్. కాదన్నారు. నియమం ప్రకారం థీసిస్‌తో సీడీ ఒకటి ఇవ్వాలి. కరోనా ఏడాది కాబట్టి అన్నీ ఆన్‌లైనులోనే తీసుకున్నారు, పుస్తకం తర్వాత ఇక్కడే ప్రింటు తీశారు. కీర్తన గైడు మేడమ్‌ను అడిగాను. ఆమె దగ్గరున్నది లింకు ఒక్కటే. ఆ లింకు నొక్కితే మళ్ళీ మా సర్వరుకే వస్తుంది.

జూన్‌లో నా చెవుల్లో ఉండింది మామా. ఫోను చేతిలో ఉండింది. కెమెరాలో ఎవరూ చూడలేదని తర్వాత తెలిసింది, అది పనిచేయడం లేదట. నేను అన్నీ పద్ధతిగా చేశాను. ఏ ఒక్క కాగితం తక్కువ కాలేదు.

అత్త రోజూ ఫోను చేస్తాంది. నేను ఎత్తడం లేదు. నాకు ధైర్యం లేదు. నువ్వే చెప్పాలి.

నా కాంట్రాక్టు రెన్యూ చేయలేదు. నెలాఖరుతో ఆఖరు. మెమో ఉంది కాబట్టి అట్లానే అవుతుందని ముందే తెలుసు. దానికి నువ్వు బాధపడొద్దు, పాస్టరు గారికి చెప్పనూ వద్దు. ఒక స్కూల్లో అడుగుతున్నాను.

అనుమతి కాగితం ఉంది కాబట్టి దాని మీద ఒక పని చేయగలిగాను. థీసిస్ వెనక, పాటలతోపాటు తాను మాట్లాడినవన్నీ కీర్తన మాట మాటగా రాసి పెట్టింది. అత్తతో మాట్లాడినది కూడా. ఆ పేజీలు జిరాక్సు తీసి పంపుతున్నాను. గొంతు కాదని తెలుసు. మా దగ్గర మిగిలింది ఇదే.

ప్రేమ


ఆళ్ళగడ్డ,
22 సెప్టెంబరు 2024

ప్రేమకు దీవెనలు.

నీ ఉద్యోగం పోయింది మా పాట కోసం. నువ్వు బాధపడొద్దన్నావు, ఆ మాట పట్టుకుని ఊరుకునేంత మనిషిని కాదు నేను. కానీ చేయగలిగింది ఏమీ లేదు. స్కూలు సంగతి ఏమైందో రాయి.

మీ అత్తకు చెప్పాను. నాలుగు రోజులు దాచి, దాచలేక చెప్పాను. ఏడవలేదు. లోపలికి పోయి, దర్జీ దగ్గరినుంచి వచ్చిన జాకెట్టు మడిచి పెట్టెలో అడుగున పెట్టింది. చర్చికి పోవడం లేదు. పోతే అందరూ పాట వచ్చిందా అని అడుగుతారని. పౌలు ఇంటికి వచ్చాడు, ప్రార్థన చేద్దామన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అతను కాసేపు నా పక్కన కూర్చుని పోయాడు.

నువ్వు పంపిన పేజీలు ముందు నేను షెడ్డులో చదివాను. నాకది మేలే చేసింది, అబద్ధం చెప్పను. ఇన్నేండ్లలో పాప మాట నేను మొత్తంగా తెలుసుకున్నది అదే మొదటిసారి. పెదవులు చూసి సగం ఊహించుకోనక్కర లేకుండా.

కీర్తన: ఎవరు నేర్పినారుమా నీకు?
అమ్మ: ఎవరు నేర్పుతారు? పక్కన నిలబడిన ఆమె పాడితే నేనూ పాడినా.
కీర్తన: నాయనకు వినబడేదా నువ్వు పాడేది?
అమ్మ: ఆ మిషను చప్పుడులో ఆయప్పకేం వినబడతాది? నా నోరు కదిలేది చూసి నవ్వేటోడు.

అది నిజం. నవ్వేవాణ్ణి. మీ అత్తకు అది గుర్తుందని, దాన్ని బిడ్డకు చెప్పిందని నాకు తెలియదు.

నాకు ఇంత మేలు చేసింది కదా, ఆమెకూ చేస్తుందనుకున్నాను. ఆమెకు చదవడం రాదు. నిన్న సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకుని నేనే చదివాను. అమ్మ అని ఉన్నచోట ఆగేవాణ్ణి, ఆమె చెప్పాలని. కీర్తన అని ఉన్నవి నేను చదివేవాణ్ణి. నేను ఎంత గట్టిగా చదువుతున్నానో నాకు తెలీదు. పక్కింటివాళ్ళు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు కాబట్టి గట్టిగానే చదివి ఉంటాను. మొదట రెండు మాటలకు జవాబు చెప్పింది, పెదవులు కదిలాయి. తర్వాత కదల్లేదు. నేను ఆగకుండా చదువుకుంటూ పోయాను. చివరకు నా చేతిలో కాగితాల మీద చెయ్యి పెట్టింది.

"చాల్లేయ్యా. అది నీ గొంతు."

ఈ పొద్దున నేను మొహం కడుక్కుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడింది. మెల్లగా, ఒక్కొక్క మాటా నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. "నిన్నటిదాకా రవ్వంత ఉండె. యాడో దూరంగా ఉండె. ఇప్పుడు పాపను తలుచుకుంటే నీ గొంతే వస్తాంది."

నా గొంతు ఎట్లా ఉంటుందో నాకు గుర్తు లేదు ప్రేమా. అది పాప గొంతు మీద పోయి కూర్చుంది.

ఇంట్లో మాట్లాడడం మానేశాను. ఆమె సైగ చేస్తుంది, నేనూ సైగే చేస్తున్నాను. నేను మాట్లాడకుండా ఉంటే ఆ రవ్వంతైనా తిరిగి వస్తుందేమోనని. ఇంతవరకు రాలేదు.

ఈ ఉత్తరం నీ ఇంటి అడ్రసుకే వేస్తున్నాను.

మామ,
కొండయ్య